ఇంగ్లీష్ బిట్టర్‌కి మార్కులు ఎలా వెయ్యాలి

ఏ బీరు రేటింగ్ యాప్ తెరిచినా పై వరసల్లో కనిపించేవి ఇంపీరియల్ స్టౌట్లు అనే నల్లటి గట్టి బీర్లు, డబుల్ ఐపీఏలు అనే బాగా చేదైన బీర్లు, విస్కీ పీపాల్లో నెలల తరబడి నిలవబెట్టిన 12 శాతం ఆల్కహాల్ బీర్లు. ఇంగ్లీష్ బిట్టర్ అనే తేలికపాటి బీరు కోసం వెతికితే చాలా కిందికి దిగాలి. యార్క్‌షైర్‌లో కీలీ అనే ఊళ్ళో 1858 నుంచి బీరు కాస్తున్న టిమోతీ టేలర్ కంపెనీ వాళ్ళ ల్యాండ్‌లార్డ్ అనే బిట్టర్‌నే తీసుకోండి. పీపాలో 4.3 శాతం. బ్రిటన్ మొత్తమ్మీద ఏటా మేటి బీరుని ఎంపిక చేసే పోటీలో, పేరు తెలియకుండా గ్లాసులు ముందు పెట్టి రుచి చూపించే పోటీలో, 1982, 1983, 1994, 1999లో, అంటే నాలుగుసార్లు గెలిచింది. అలాంటి బీరుకి కూడా యాప్‌లో జనం రాసేది "బానే ఉంది, ప్రత్యేకంగా ఏం లేదు" అనే.

ఈ తేడా ఎందుకొస్తుందో అర్థం కావాలంటే ఒక విషయం ముందు విడదీసుకోవాలి. బిట్టర్‌కి మార్కులు వేసేటప్పుడు మనం మూడు వేర్వేరు ప్రశ్నలకి ఒకే అంకెతో జవాబు చెప్తున్నాం. ఈ బీరు తన రకానికి తగ్గట్టు ఉందా? నా ముందున్న ఈ గ్లాసు మంచి స్థితిలో ఉందా? నాకు నచ్చిందా? మిగతా చాలా రకాల బీర్లలో ఈ మూడూ దాదాపు ఒకే దిక్కుకి పోతాయి కాబట్టి కలిపేసినా పెద్ద నష్టం లేదు, బిట్టర్ దగ్గరే మూడూ మూడు దార్లు పడతాయి.

ముందు బిట్టర్ అంటే ఏంటో చూద్దాం. 19వ శతాబ్దంలో లేత రంగు మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు బాగా వేసి కాచిన పేల్ ఏల్ నుంచి వచ్చిందిది. కలకత్తాకి, మద్రాసుకి ఓడల్లో ఎక్కించి పంపిన పేల్ ఏల్ కూడా ఆ కుటుంబమే. బ్రూవరీ వాళ్ళు పేల్ ఏల్ అని రాసుకుంటే పబ్బులో జనం బిట్టర్ అని అడిగేవాళ్ళు, చివరికి జనం మాటే నిలిచింది. అప్పట్లో ఇవి ఇప్పటి కంటే గట్టి బీర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధాన్యం కొరత, ప్రభుత్వ ఆంక్షలు, పన్నులు కలిసి బ్రిటన్ బీరు బలాన్ని బాగా తగ్గించేశాయి, ఆ తర్వాత అది పూర్తిగా వెనక్కి రాలేదు. ఇప్పటికీ పన్ను ఆ పని చేస్తూనే ఉంది: 2023 ఆగస్టులో కొత్త పన్ను విధానం వచ్చి 3.5 శాతం లోపు బీర్లకి తక్కువ రేటు పెట్టగానే కొన్ని బ్రూవరీలు తమ బీర్లని 3.4 శాతానికి దించేశాయి.

అంటే ఇది తక్కువ బలంలో ఎక్కువ రుచి రాబట్టాల్సిన బీరు. పబ్బులో నలుగురు కూర్చుని రెండు మూడు గంటలు మాట్లాడుకుంటూ మూడు పింట్లు, అంటే మూడు పెద్ద గ్లాసులు, తాగినా తల తిరక్కూడదు, మూడో పింటుకి మొహం మొత్తకూడదు. మన దగ్గర అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగ్ బీరే, దాన్ని గడ్డకట్టేంత చల్లగా తాగడం అలవాటు. ఆ అలవాటుతో లీడ్స్‌కో లండన్‌కో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళు మొదటి బిట్టర్ తాగి "ఇదేంటి, చల్లగా లేదు, గ్యాస్ లేదు, కిక్ లేదు" అంటారు. చల్లగా, గ్యాస్‌తో, కిక్ ఇచ్చేలా ఉండాలని దాన్ని చేసిన వాళ్ళు అసలు అనుకోలేదు. చారునీ బిర్యానీనీ ఒకే పోటీలో పెట్టి రెంటికీ మసాలా ఘాటు చూసి మార్కులేస్తే చారు ఎప్పటికీ గెలవదు.

ఇక మూడు కొలతల సంగతి.

మొదటిది పోటీ జడ్జీలది. అమెరికాలో మొదలైన బీజేసీపీ అనే జడ్జీల సంస్థ పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో అనిపించే తీరుకి 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. వీళ్ళు బిట్టర్‌ని మూడుగా విడదీస్తారు. ఆర్డినరీ 3.2 నుంచి 3.8 శాతం, బెస్ట్ 3.8 నుంచి 4.6, స్ట్రాంగ్ 4.6 నుంచి 6.2 దాకా. జడ్జి అడిగే ప్రశ్న ఒకటే, ఈ రకానికి రాసుకున్న వర్ణనకి ఇది ఎంత దగ్గరగా ఉంది అని. తనకి వ్యక్తిగతంగా స్టౌట్లు ఇష్టమా, ఐపీఏలు ఇష్టమా అన్నది పక్కన పెట్టాలి. ఈ పద్ధతిలో 3.5 శాతం బిట్టర్‌కి 45 రావడానికి అడ్డేం లేదు, అది 12 శాతం స్టౌట్‌తో పోటీ పడట్లేదు కాబట్టి.

రెండోది కామ్రా వాళ్ళది. 1971లో నలుగురు ఇంగ్లండ్ కుర్రాళ్ళు ఐర్లండ్‌లో తిరుగుతూ మొదలుపెట్టిన ఉద్యమం ఇది, పెద్ద బ్రూవరీలు పీపా బీరుని తీసేసి గ్యాస్ ఎక్కించిన కెగ్ బీరు రుద్దుతున్నాయన్న కోపంతో. వాళ్ళ స్కోరు 0 నుంచి 5 దాకా, అర మార్కులు కూడా వెయ్యొచ్చు. 0 అంటే ఆ పబ్బులో పీపా బీరు అసలు లేదని. 1 అంటే బలవంతంగా తాగాలి. 2 అంటే తాగొచ్చు గానీ ఉత్సాహం కలగదు. 3 అంటే బాగుంది, ఇంకో పింట్ కోసం అక్కడే ఉండాలనిపిస్తుంది. 4 అంటే చాలా బాగుంది. 5 అంటే ఇంతకంటే మంచి గ్లాసు దొరకడం కష్టం, అనుభవం ఉన్నవాళ్ళు ఎప్పుడో గానీ వెయ్యరు. ఈ స్కోరు బీరు రెసిపీకి కాదు, ఆ రోజు ఆ పబ్బులో ఆ గ్లాసు ఏ స్థితిలో ఉందన్నదానికి. మీకు ఆ రకం నచ్చకపోయినా గ్లాసు నిక్షేపంగా ఉంటే 4 వెయ్యాలి. ఏ పబ్బులు తమ వార్షిక గైడులోకి ఎక్కాలో తేల్చడానికి కామ్రా సభ్యులు ఈ స్కోర్లని కూడా చూస్తారు.

మూడోది యాప్. ఎవరు ఏ ప్రశ్నకి జవాబిస్తున్నారో అక్కడ తెలియదు. ఒకడు పబ్బులో పీపా నుంచి తాగి వేస్తాడు, ఒకడు ఏడాది పాతబడ్డ సీసా తాగి వేస్తాడు, ఇంకొకడు బీరు పండగలో చిన్న గ్లాసుతో పదో రుచి చూసి వేస్తాడు. చిన్న గ్లాసుల్లో వరసగా రుచి చూసినప్పుడు నాలుక గుర్తుపెట్టుకునేది గట్టిగా కొట్టిన బీర్లనే, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే 60 మిల్లీలీటర్ల గుక్కల్లో బిట్టర్‌ లాంటి నిదానమైన బీరుకి నోరు విప్పే అవకాశమే ఉండదు. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. బిట్టర్‌ని ఆ కొలతకే కట్టారు. మొదటి గుక్కతో తీర్పు చెప్పే పద్ధతి బిట్టర్‌కి అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను, సగటు స్కోర్లు చూసి ఏ బిట్టర్ తాగాలో తేల్చుకోవడం కూడా దండగే.

గ్లాసు స్థితి అన్నాను కదా, అసలు కథంతా అక్కడే ఉంది.

పీపా బిట్టర్ బ్రూవరీ నుంచి పూర్తిగా తయారై రాదు. లోపల ఈస్ట్ బతికే ఉంటుంది, పీపాలోనే ఇంకా కొంచెం పులుస్తుంది. మామూలుగా వాడే చిన్న పీపా పేరు ఫర్కిన్, 72 పింట్లు పడుతుంది, అంటే దాదాపు 41 లీటర్లు. దాన్ని పబ్బు నేలమాళిగలో పడుకోబెట్టి కదలకుండా ఉంచుతారు. పైన ఉండే మూతలో గాలి ఆడే మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు, ఎక్కువైన గ్యాస్ అందులోంచి మెల్లగా పోతుంది. ఈస్ట్ అడుక్కి దిగడానికి ఒకటి రెండు రోజులు ఆగుతారు. తగినంత గ్యాస్ పోయాక గాలి చొరబడని గట్టి మేకు బిగిస్తారు. ఎప్పుడు మెత్తటిది తీసి గట్టిది పెట్టాలో సెల్లార్ చూసుకునే మనిషికి తెలియాలి. తొందరపడి అమ్మితే బీరు పచ్చిగా, మబ్బుగా ఉంటుంది. మరీ ఆలస్యమైతే గ్యాసంతా పోయి చప్పబడుతుంది.

ఒకసారి అమ్మడం మొదలుపెట్టాక మూడు రోజుల్లో పీపా ఖాళీ అవ్వాలి. బీరు బయటికి పోయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వస్తుంది, గాలితో పాటు ఆక్సిజన్, వెనిగర్ చేసే బ్యాక్టీరియా వస్తాయి. మొదటి రోజు కొంచెం పదునుగా, రెండో రోజు గుండ్రంగా, నాలుగో రోజు అలిసిపోయి, ఆ తర్వాత పుల్లగా. రెసిపీ ఒకటే, పీపా ఒకటే, మంగళవారం తాగినవాడికీ శనివారం తాగినవాడికీ వేర్వేరు బీర్లు. అందుకే రద్దీ లేని పబ్బులో పీపా నుంచి బీరు తోడే హ్యాండ్‌పంపులు ఎనిమిది వరసగా కనిపిస్తే నాకు ఆనందం వెయ్యదు, అనుమానం వేస్తుంది. రెండే పంపులున్నా ఎప్పుడూ పని చేస్తుండే పబ్బు మేలు. పబ్బు తెరవగానే వచ్చే మొదటి పింట్ కూడా నేను తీసుకోను, అందులో కొంత భాగం రాత్రంతా పైపులో నిలవున్న బీరు, మంచి పబ్బులయితే దాన్ని పారబోసే అమ్మకం మొదలుపెడతారు.

ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీలు ఉండాలి. "ఇంగ్లీషువాళ్ళు వేడి బీరు తాగుతారు" అనే మాట నిజం కాదు, 13 డిగ్రీలంటే హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజాము చలి. 4 డిగ్రీలకి దించితే మాల్ట్ వాసన, ఈస్ట్ ఇచ్చే పండు వాసన అణిగిపోతాయి, చేదొక్కటే మిగిలి గరుకుగా తగులుతుంది. 16, 17కి పోతే గ్యాస్ నిలవక బీరు నీళ్ళలా అయిపోతుంది.

పంపు చివర బిగించే స్పార్క్లర్ మీద ఇంగ్లండ్ ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య పాత తగవుంది. చిన్న చిన్న రంధ్రాలున్న మూత అది. బీరు అందులోంచి దూసుకొచ్చి మందపాటి మీగడ నురగ కడుతుంది. యార్క్‌షైర్, లాంకషైర్ వాళ్ళకి అది లేకపోతే పింట్ పింట్ కాదు. లండన్ వైపు వాళ్ళు అది పెడితే బీరులో గ్యాస్ పోతుందని, హాప్ చేదు నురగలోకి ఎక్కి కింద బీరు చప్పబడుతుందని అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఉత్తరాది బ్రూవరీలు ఆ నురగని లెక్కలో పెట్టుకునే బీరు కాస్తాయి. ల్యాండ్‌లార్డ్‌ని స్పార్క్లర్ లేకుండా తాగి చప్పగా ఉందని రాసేవాళ్ళు, దక్షిణాది బిట్టర్ ససెక్స్ బెస్ట్‌ని స్పార్క్లర్‌తో తాగి మొద్దుబారిందని రాసేవాళ్ళు గ్లాసు ఎలా పోశారన్నది కూడా రాస్తే చదివేవాళ్ళకి మేలు.

సరే, గ్లాసు ముందుకొచ్చింది. చూపుకి 50లో 3 మార్కులే పెట్టారంటే అందులో అర్థముంది. లేత బంగారు రంగు నుంచి ముదురు రాగి రంగు దాకా ఏదైనా పర్లేదు. తాగినకొద్దీ గ్లాసు లోపలి అంచున నురగ వలయాలు మిగిలితే గ్లాసు శుభ్రంగా కడిగారని అర్థం. మబ్బుగా ఉంటే కంగారు పడక్కర్లేదు, వాసన చూడండి. మామూలుగా ఈస్ట్‌ని తొందరగా దించడానికి ఐసింగ్లాస్ వేస్తారు, అది చేపల గాలితిత్తి నుంచి తీసే పదార్థం. శాకాహారం పాటించేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని తీరాలి, చాలామందికి తెలియదు. అది వెయ్యని బ్రూవరీలు పెరుగుతున్నాయి, వాటి బీరు కొంచెం మబ్బుగానే ఉంటుంది, అది లోపం కాదు. మబ్బుతో పాటు పులుపు వాసన ఉంటేనే తేడా జరిగినట్టు.

వాసనలో మూడు పొరలు వెతకాలి. మాల్ట్ వైపు నుంచి బిస్కెట్, కాల్చిన రొట్టె, గింజల కమ్మదనం. 1965లో విడుదలైన మారిస్ ఆటర్ అనే బార్లీకి ఇందులో మంచి పేరు, ల్యాండ్‌లార్డ్‌కి మాత్రం గోల్డెన్ ప్రామిస్ అనే స్కాట్లండ్ రకం వాడతారు. క్రిస్టల్ మాల్ట్ అనే వేయించిన మాల్ట్ కలిపితే టాఫీ, ఎండుద్రాక్ష ఛాయ వస్తుంది, మోతాదు మించితే మూడో పింటుకి వెగటు. హాప్స్ వైపు నుంచి, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అయితే పూల వాసన, మట్టి, కాస్త తేనె, ఫగుల్ అయితే చెక్క, ఎండుగడ్డి, లీలగా పుదీనా. మామిడి, పంపరపనస లాంటి పళ్ళ ఘాటు కోసం వెతక్కండి, అవి అమెరికా హాప్స్ లక్షణాలు, ఇక్కడ అవి లేవని మార్కులు కొయ్యడం అన్యాయం.

మూడో పొర ఈస్ట్, నన్నడిగితే అసలు సంతకం అదే. లండన్‌లో ఫుల్లర్స్ ఈస్ట్ ఇచ్చే నారింజ మార్మలేడ్ (తొక్కలతో చేసే జామ్) వాసన వాళ్ళ లండన్ ప్రైడ్ బిట్టర్‌లో లేతగా, ఇంకా గట్టి బిట్టర్ ఈఎస్‌బీలో ముదురుగా తెలుస్తుంది, కాస్త అలవాటైతే కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. లూయిస్ ఊళ్ళో హార్వీస్ బ్రూవరీ 1957లో యార్క్‌షైర్‌లోని జాన్ స్మిత్స్ నుంచి తెచ్చుకున్న ఈస్ట్‌నే ఇప్పటికీ ఒక కాపు నుంచి ఇంకో కాపుకి మార్చుకుంటూ వాడుతోంది. వాళ్ళ ససెక్స్ బెస్ట్ 4 శాతమే, దానిలో ఉన్నంత లోతు రెట్టింపు బలం ఉన్న బీర్లలో నాకు ఎప్పుడో గానీ దొరకలేదు.

గుక్క నోట్లో తిప్పి మింగాలి. వైన్ రుచి చూసేవాళ్ళలా ఉమ్మేస్తే పని జరగదు, బిట్టర్‌లో సగం సంగతి గొంతు దిగాకే తెలుస్తుంది. ముందు మాల్ట్ తీపి రావాలి, మధ్యలో పండు, ఆ తర్వాత చేదు మెల్లగా లేచి నోరు పొడిబార్చాలి. ఆ పొడిదనమే ఇంకో గుక్క అడిగిస్తుంది. ఇక్కడ చాలామంది ఐబీయూ అనే చేదు కొలమానం అంకెని చూసి తికమక పడతారు. బిట్టర్‌లో అది 25 నుంచి 40 మధ్య ఉంటుంది, ఐపీఏలో 60 దాటొచ్చు. కానీ చేదు మనకి ఎంత తెలుస్తుందన్నది దాన్ని మోసే మాల్ట్ ఎంతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. 3.6 శాతం పల్చటి బీరులో 30 అంటే స్పష్టమైన చేదు, 8 శాతం చిక్కటి బీరులో అదే 30 తీపి కింద మునిగిపోతుంది. నీళ్ళు కూడా లెక్కలోకొస్తాయి. బర్టన్ అపాన్ ట్రెంట్ ఊరి బావి నీళ్ళలో జిప్సం ఎక్కువ, అందులోని సల్ఫేట్ చేదుని పదునుగా, ముగింపుని పొడిగా చేస్తుంది. మిగతా ఊళ్ళ బ్రూవరీలు జిప్సం కలుపుకుని ఆ గుణం తెచ్చుకున్నాయి.

ఏది లోపం, ఏది గుణం అన్న దగ్గర బిట్టర్ మిగతా బీర్ల కంటే గడుసుది. బర్టన్ బీరు పోయగానే ఒక్క క్షణం అగ్గిపుల్ల గీసిన వాసన వస్తుంది, రాకపోతే అక్కడివాళ్ళకి వెలితి, అదే మన దగ్గర మామూలుగా దొరికే లాగర్ రకం బీరులో వస్తే తప్పంటారు. వెన్న, టాఫీ వాసన ఇచ్చే డైఅసిటైల్ అనే పదార్థం కొన్ని ఇంగ్లీష్ బిట్టర్లలో లీలగా ఉండటం సంప్రదాయమే. గ్లాసంతా పాప్‌కార్న్ వాసన కొడుతూ నాలుక జిడ్డు పట్టిందంటే మాత్రం అది గుణం పరిధి దాటిపోయింది. వెనిగర్ పులుపుకి ఎక్కడా మినహాయింపు లేదు. తడిసిన అట్టపెట్టె వాసనకీ లేదు, అది ఆక్సిజన్ తగిలి పాతబడ్డ బీరు, దూరం ప్రయాణం చేసిన సీసాల్లో ఎక్కువ కనిపించేది అదే. తెల్ల సీసాలో వెలుతురు తగిలిన బీరుకి ఒక రకం కంపు వస్తుంది, హాప్స్ చేదు పదార్థాలు కాంతికి విరిగిపోయి వచ్చేది, అందుకే గోధుమ రంగు సీసా ఏరుకోవడం మంచిది.

నేను రాసుకునే పద్ధతి ఇది. ఒక్కో గ్లాసుకి రెండు అంకెలు, ఒక అవును-కాదు. మొదటి అంకె గ్లాసు స్థితికి, కామ్రా పద్ధతిలో 5కి. రెండోది బీరుకి, అది దాని రకంలో ఎక్కడ నిలుస్తుందని, 50కి. ఈ రెండో అంకెని పింట్ మొత్తం అయ్యాకే వేస్తాను, గ్లాసు స్థితి 3 కంటే తక్కువుంటే అసలు వెయ్యను, ఎందుకంటే పాడైన గ్లాసు నుంచి రెసిపీ గురించి తెలిసేది ఏమీ లేదు. చివరిది, వెంటనే ఇంకో పింట్ ఇదే తాగుతానా అన్నది. స్టౌట్‌కి 46 వేసి "కాదు" అని రాసిన సందర్భాలున్నాయి, బిట్టర్‌కి 38 వేసి "అవును" అని రాసినవీ ఉన్నాయి, ఆ చివరి ముక్క లేకపోతే బిట్టర్ సంగతి సగమే చెప్పినట్టు.

పీపానా, సీసానా, డబ్బానా అన్నది తప్పకుండా రాయండి. ఫుల్లర్స్ ఈఎస్‌బీ పీపాలో 5.5 శాతం, సీసాలో 5.9. లేక్ డిస్ట్రిక్ట్‌లో కాచే కొనిస్టన్ బ్లూబర్డ్, ల్యాండ్‌లార్డ్ గెలిచిన ఆ పోటీలోనే 1998లో ఛాంపియన్ అయింది, పీపాలో 3.6, సీసాలో 4.2. పేరొకటే గానీ బలం వేరు, గ్యాస్ వేరు, రుచీ వేరు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి సీసా తాగేవాళ్ళు ముందు తేదీ చూసుకోండి, ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంటో ఇరవై నిమిషాలో బయట పెట్టండి, గ్లాసులోకి కొంచెం ఎత్తు నుంచి పోసి అదనపు గ్యాస్ పోనివ్వండి. పబ్బు పింట్ రాదు, కానీ మాల్ట్, ఈస్ట్ ఏం చెప్తున్నాయో తెలుస్తుంది.

ఇంగ్లండ్ పబ్బులో ఉన్నవాళ్ళకి ఇంకోమాట. మనవాళ్ళు చాలామంది పుల్లబడ్డ పింట్‌ని మొహమాటంతో సగం తాగి వదిలేసి, ఇంటికెళ్ళి యాప్‌లో ఒక్క మార్కు వేస్తారు. అలా చేస్తే బ్రూవరీ పేరు పోతుంది, సెల్లార్‌లో ఆ పీపా అలాగే ఉంటుంది. రెండు గుక్కలు కాగానే కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళి "ఇది పుల్లబడినట్టుంది, ఒకసారి చూస్తారా" అనండి. సరైన పబ్బులో వాదన పెట్టుకోరు, వాసన చూసి వేరే పంపు నుంచి కొత్త పింట్ పోసిస్తారు, ఆ పీపాని ఆపేస్తారు. అయితే గ్లాసు దాదాపు నిండుగా ఉన్నప్పుడే అడగాలి.